పసుపు మీద ఇరవై వేల పేపర్లు

పబ్‌మెడ్ అని ఒక సైటుంది. అమెరికా ప్రభుత్వ వైద్య గ్రంథాలయం వాళ్ళు నడుపుతారు. ప్రపంచంలో పేరున్న వైద్య పత్రికల్లో వచ్చే వ్యాసాల వివరాలు, చాలావాటి సారాంశాలు అందులో ఉంటాయి. పైసా కట్టక్కర్లేదు. ఓపికుంటే ఒకసారి అందులోకెళ్ళి కర్‌క్యుమిన్ అని కొట్టి చూడండి. పసుపుకి ఆ రంగునిచ్చే పదార్థం పేరది. ఇరవై వేల పైచిలుకు పేపర్లు వస్తాయి. రోజుకి పది చొప్పున, సంక్రాంతికీ ఉగాదికీ కూడా సెలవు పెట్టకుండా చదివినా ఐదేళ్ళు దాటుతుంది. ఈలోపు కొత్తవి మళ్ళీ వచ్చి పడుతుంటాయనుకోండి, అది వేరే సంగతి.

మాది చేబ్రోలు. గుంటూరు నుంచి పొన్నూరు వెళ్ళే బస్సెక్కితే మధ్యలో వస్తుంది. దుగ్గిరాల పసుపు యార్డు మాకు దగ్గరే. పసుపు తవ్వి, ఉడకబెట్టి, ఎండబోసే రోజుల్లో ఆ చుట్టుపక్కల గాలే వేరుగా ఉంటుంది. కొమ్ము రేటెంత, కాయ రేటెంత అన్న మాటలు చెవిన పడుతూ పెరిగినవాణ్ణి కాబట్టి, ఈ టపాకి పసుపునే ఉదాహరణగా తీసుకుంటున్నా. నేను చేసే ఉద్యోగం కాగితాల గుట్టల్లోంచి కావల్సింది వెతికి తీసే ప్రోగ్రాములు రాయడం. మొదట్లో కోర్టు కాగితాలు, తర్వాత బీమా కాగితాలు, ఏడాదిన్నరగా వైద్య వ్యాసాలు. ఇన్ని లక్షల వ్యాసాల్లో ఉన్నదాన్ని జబ్బుతో ఉన్న మనిషికి పనికొచ్చేలా ఎలా అమర్చాలి అన్నదే రోజంతా మా గోల. పబ్‌మెడ్‌లో ఇప్పటికి మూడున్నర కోట్లకి పైగా వ్యాసాల వివరాలున్నాయి. ఏటా పది లక్షలకి పైగా కలుస్తున్నాయి.

ముందు పాత కథ ఒకటి. చాలామందికి తెలిసిందే. అందరూ దీన్ని దేశభక్తి కథలా చెప్తారు, నాకు మాత్రం ఇండెక్సు కథలా కనిపిస్తుంది. 1995లో మిసిసిపి విశ్వవిద్యాలయ వైద్య కేంద్రం వాళ్ళకి, గాయాలు మానడానికి పసుపు వాడే పద్ధతి మీద అమెరికాలో పేటెంటు వచ్చింది. (కనిపెట్టామన్న ఇద్దరూ మన దేశం నుంచి వెళ్ళినవాళ్ళే!) 1996లో మన సి.ఎస్.ఐ.ఆర్. దాని మీద అభ్యంతరం చెప్పింది. దెబ్బ తగిలితే పసుపు అద్దుతారని మా నాయనమ్మని నిద్రలో లేపి అడిగినా చెప్తుంది. కానీ పేటెంటు ఆఫీసులో నాయనమ్మ సాక్ష్యం చెల్లదు. రాతలో ఉండాలి. వెతికి వెతికి 32 ఆధారాలు పట్టుకొచ్చారు. కొన్ని వందేళ్ళ పైబడిన సంస్కృత, ఉర్దూ, హిందీ రాతలు. ఒకటి 1953లో ఇండియన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చిన వ్యాసం. 1997లో పేటెంటు కొట్టేశారు.

ఆ 1953 నాటి వ్యాసం నలభై ఏళ్ళుగా అచ్చులోనే ఉంది. ఎవరూ బీరువాలో దాచలేదు. అయినా పేటెంటు ఇచ్చేవాళ్ళ కంటికి ఆనలేదు. ఆ దెబ్బతోనే 2001లో మన ప్రభుత్వం సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ గ్రంథాలయం మొదలుపెట్టింది. ఆయుర్వేద, యునాని, సిద్ధ గ్రంథాల్లో ఉన్న యోగాల్ని ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మన్, జపనీస్, స్పానిష్ భాషల్లోకి మార్చి, పేటెంటు ఆఫీసులు వెతుక్కోడానికి వీలుగా అమర్చారు. మంచి పని. కాకపోతే చాలా ఏళ్ళు పేటెంటు ఆఫీసులకి తప్ప వేరేవాళ్ళకి తలుపు తియ్యలేదు. 2022 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం మిగతావాళ్ళకి కూడా చందా పద్ధతిలో తెరవడానికి ఒప్పుకుంది. మన తాతల వైద్యం చూసుకోడానికి మనం చందా కట్టాలన్నమాట. సరే, దాని మీద ఇంకోసారి తిట్టుకుందాం.

అచ్చులో ఉండడం వేరు, దొరకడం వేరు. దీనికి మా ఊళ్ళోనే భలే ఉదాహరణ ఉంది. మా భీమేశ్వరాలయం దగ్గర ఒక శాసనం బయటపడింది. శాతవాహన రాజు విజయుడి ఐదో పాలనా సంవత్సరంలో, అంటే క్రీ.శ. 207లో, వేయించినది. దక్షిణాదిలో తేదీ తెలిసిన సంస్కృత శాసనాల్లో ఇప్పటిదాకా దొరికినవాటిలో ఇదే పాతదని 2019లో పురావస్తు శాఖ ప్రకటించింది. అందులో మా ఊరి పేరు తాంబ్రాపె. తాంబ్రాపె అన్నా చేబ్రోలు అన్నా ఒకటేనని ఎవరో ఒకరు రాసి పెట్టాలి. లేకపోతే చేబ్రోలు చరిత్ర వెతికే ప్రోగ్రాముకి పద్దెనిమిది వందల ఏళ్ళ నాటి ఆ రాయి కనపడనే కనపడదు.

పసుపు సంగతీ అంతే. హరిద్ర, హల్దీ, టర్మరిక్, కర్‌క్యుమా లాంగా, కర్‌క్యుమిన్, రసాయన శాస్త్రం వాళ్ళకి డైఫెరులోయిల్‌మీథేన్, తినుబండారాల ప్యాకెట్ల వెనకాల రంగు నంబరు 100. ఇవన్నీ ఒకే దుంప చుట్టూ తిరిగే పేర్లు. తిరకాసు రెండో వైపు కూడా ఉంది. మానుపసుపు పేరులో పసుపుంది, మొక్క మాత్రం పూర్తిగా వేరే కుటుంబం. మామిడల్లం పేరులో అల్లముంది, కానీ శాస్త్రం ప్రకారం అది పసుపు జాతిదే. ఇవేవీ తెలియని ప్రోగ్రాముని గ్రంథాల మీదకి వదిలితే ఏం జరుగుతుందో మీరే ఊహించుకోండి.

ఈ పేర్ల గొడవ మీద అమెరికా వైద్య గ్రంథాలయం వాళ్ళు చేసినంత చాకిరీ ఇంకెవరూ చేసుండరు. 1879లోనే జాన్ షా బిల్లింగ్స్ అనే ఆయన ఇండెక్స్ మెడికస్ అని నెలనెలా వచ్చే సూచిక మొదలుపెట్టాడు. 1960లో మెష్ అని ఒక పదాల పట్టిక తయారు చేశారు. ప్రతి వ్యాసాన్నీ ఒక మనిషి తిరగేసి, రచయిత ఏ పేరు వాడినా సరే, పట్టికలోని అధికారిక పదం తగిలించేవాడు. టర్మరిక్ అని వెతికినవాడికి కర్‌క్యుమా అని రాసిన వ్యాసం కూడా దొరకడానికి కారణం ఆ గుమస్తా పనే. 2022 నుంచి ఆ పదాలు తగిలించే పని ప్రోగ్రాములకి అప్పజెప్పారు, మనుషులు కొన్నిటిని సరిచూస్తున్నారు. మా ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాళ్ళు, పెద్ద భాషా నమూనాలుండగా ఈ పాతకాలపు పట్టికలెందుకండీ అంటుంటారు. ఆ నమూనాలు చేసిన పని తప్పో ఒప్పో తేల్చడానికి మళ్ళీ ఆ పట్టికే తీసుకొస్తాం, అప్పుడు మాట్లాడరు :)

ఇలా అమర్చి పెడితే ఏమొస్తుందీ అంటే, షికాగో విశ్వవిద్యాలయంలో పనిచేసిన డాన్ స్వాన్సన్ సంగతి చెప్పాలి. ఆయన డాక్టరు కాదు, గ్రంథాలయ శాస్త్రం మనిషి. రేనాడ్స్ అని ఒక జబ్బుంది, చలికి వేళ్ళకి రక్తం అందక తెల్లబడిపోతాయి. ఆ జబ్బు గురించి రాసినవాళ్ళు రక్తం చిక్కదనం ఎక్కువుంటుందని, రక్తకణాలు గుంపు కడతాయని రాశారు. చేపనూనె గురించి రాసినవాళ్ళు, అది రక్తం చిక్కదనాన్ని తగ్గిస్తుందని, కణాలు గుంపు కట్టకుండా చేస్తుందని రాశారు. వీళ్ళ పేపర్లు వాళ్ళు చదవరు, వాళ్ళవి వీళ్ళు చదవరు. స్వాన్సన్ రెండూ పక్కపక్కన పెట్టి, చేపనూనె ఈ జబ్బుకి పనికిరావచ్చని 1986లో రాశాడు. మూడేళ్ళకి రోగుల మీద చేసిన చిన్న పరీక్షలో కొందరికి నిజంగానే మేలు కనిపించింది. 1988లో మైగ్రేన్ తలనొప్పికీ మెగ్నీషియంకీ మధ్య ఇలాగే పదకొండు లంకెలు చూపించాడు. ఒక్క ప్రయోగం చెయ్యకుండా, గ్రంథాలయంలో కూర్చుని! నేను ఈ రంగంలోకి రావడానికి కారణం ఈయన వ్యాసాలే. మా రంగంలో చాలామందికి ఈయన పెదనాన్న లాంటివాడు.

ఇక్కడిదాకా అంతా బాగానే ఉంది. ఇప్పుడు ఈ పద్ధతినే పసుపు మీదకి తీసుకొస్తే వస్తుంది అసలు తంటా.

ఇప్పటి ప్రోగ్రాములు వ్యాసం చదివి చిన్న చిన్న వాక్యాలుగా విరుస్తాయి. కర్‌క్యుమిన్, తగ్గిస్తుంది, కణితి. కర్‌క్యుమిన్, ఆపుతుంది, ఫలానా ప్రోటీన్. ఇలాంటి లక్షల వాక్యాల్ని సాలెగూడులా అల్లి, అందులో వెతకనిస్తాయి. ఏ వాక్యం ఎన్ని పేపర్లలో ఉందో లెక్కబెట్టి, ఎక్కువున్నదాన్ని పైకి తెస్తాయి. చూడ్డానికి చాలా సబబుగా ఉంటుంది. పసుపుని ఆ లెక్కన చూస్తే అది తగ్గించని జబ్బు ఈ లోకంలో లేదు.

కానీ ఆ వాక్యం ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడాలి. గాజు పళ్ళెంలో పెంచిన కణాల మీద కర్‌క్యుమిన్ పోస్తే కణాలు చచ్చాయి అన్నా, ఎలుకలో కణితి తగ్గింది అన్నా, మనిషిలో తగ్గింది అన్నా, వాక్యం విరిచేసరికి మూడూ ఒకేలా కనిపిస్తాయి. గాజు పళ్ళెంలో బ్లీచింగ్ పౌడర్ పోసినా కణాలు చస్తాయి. పైగా కర్‌క్యుమిన్‌కి ఇంకో గుణముంది. దానంతట అదే వెలుగుతుంది, లోహాల్ని పట్టుకుంటుంది, దొరికిన ప్రోటీన్‌కల్లా అంటుకుంటుంది. దాంతో ప్రయోగశాలలో చేసే పరీక్షలే మోసపోయి, మందు దొరికిందోచ్ అని చూపిస్తాయి. 2017లో జర్నల్ ఆఫ్ మెడిసినల్ కెమిస్ట్రీలో కొందరు రసాయన శాస్త్రవేత్తలు కూర్చుని ఈ గుట్టంతా తిరగేశారు. మనుషుల మీద జరిగిన పరీక్షలే 120కి పైగా ఉన్నాయని, వాటిలో రోగికీ డాక్టరుకీ ఎవరికి అసలు మందు, ఎవరికి ఉత్త బిళ్ళ వెళ్ళిందో తెలియకుండా చేసిన పరీక్ష ఒక్కటి కూడా నెగ్గలేదని తేల్చారు. ఆ తర్వాత కూడా పేపర్లు ఆగలేదనుకోండి.

ఇంకోటి. టెక్సస్‌లో కర్‌క్యుమిన్ మీద బోలెడు రాసిన ఒక కేన్సర్ పరిశోధకుడి పేపర్లు, బొమ్మల్లో తేడాలున్నాయని, ఇరవైకి పైగా వెనక్కి తీసుకున్నారు. 2016లో ఒకే పత్రిక ఒకేసారి ఏడింటిని తీసేసింది. పబ్‌మెడ్ వాళ్ళు ఆ పేపర్ల మీద, ఇది వెనక్కి తీసుకోబడినది అని పెద్దగా రాసి పెడతారు. కానీ అంతకుముందే అందులోంచి విరిచిన వాక్యాలు ఎన్ని సాలెగూళ్ళలో తిరుగుతున్నాయో, వాటిని చూపించి రాసిన వ్యాసాల్లోకి ఎన్ని వెళ్ళాయో, వాటి వెంట ఎవరు పడతారు? వెనక్కి తీసుకున్న పేపరు నుంచి వచ్చిన వాక్యాన్ని ఎర్రగా చూపించడం పెద్ద విద్యేం కాదు. ప్రతి వాక్యానికీ అది పుట్టిన వ్యాసం నంబరు కట్టి ఉంచితే చాలు. చాలామంది కట్టరు, చోటు దండగని.

ఇదంతా నాకు ఆఫీసు చర్చగానే ఉండేది, మా పిన్నికి రొమ్ము కేన్సర్ అని తేలేదాకా. గుంటూరులో కీమో మొదలుపెట్టారు. రెండో విడత అయ్యాక బాబాయి ఫోను చేశాడు.

"ఏరా, పసుపు బిళ్ళలు కేన్సర్ని చంపుతయ్యంట గదా. వాట్సాపులో ఎవరో పంపారు. ఊరికే కాదు, కింద పేపరు నంబర్లు కూడా వేశారు. తెప్పించా. నువ్వు చేసేది ఇట్టాంటి పనే గదా, ఒకసారి చూసి చెప్పు."

నాకు ఆ మెసేజి పంపించాడు. నంబర్లన్నీ నిజమైనవే. నన్ను కంగారు పెట్టింది అదే. ఉత్త అబద్ధమైతే కొట్టిపారెయ్యొచ్చు. ఒక్కొక్కటీ తెరిచి చూశా. ఎక్కువ భాగం గాజు పళ్ళెం, రెండు మూడు ఎలుకలు, ఒకటి వెనక్కి తీసుకున్నది. బిళ్ళల సీసా ఫోటో కూడా పెట్టమన్నా. పసుపు సారంలో మిరియాల సారం కలిపిన రకం. అది ఎందుకు కలుపుతారంటే, కర్‌క్యుమిన్ మామూలుగా ఒంటికి పట్టదు, వచ్చిన దారినే పోతుంది. మిరియాల్లోని పైపరిన్ కలిపితే రక్తంలో ఇరవై రెట్లు కనిపిస్తుందని బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాల వాళ్ళు 1998లో రాశారు. పైపరిన్ ఆ పని చేసేది కాలేయం మందుల్ని విరిచే వేగాన్ని తగ్గించి. అంటే పసుపు ఒక్కటే కాదు, పక్కనున్న వేరే మందులు కూడా లెక్క తప్పొచ్చు.

పసుపు, రొమ్ము కేన్సర్ అని వెతికితే మొదటి పేజీలన్నీ శుభవార్తలే. అప్పుడు ప్రశ్న మార్చా. పిన్ని చీటీలో ఉన్న మందుల పేర్లు ఒక్కొక్కటే కర్‌క్యుమిన్‌తో కలిపి కొట్టా. సైక్లోఫాస్ఫమైడ్ దగ్గర దొరికింది. 2002లో కేన్సర్ రిసెర్చ్ పత్రికలో వచ్చిన వ్యాసం. రొమ్ము కేన్సర్ ఉన్న ఎలుకలకి మేతలో కర్‌క్యుమిన్ కలిపి పెడితే, సైక్లోఫాస్ఫమైడ్ కణితిని తగ్గించే పని దెబ్బతింది. గాజు పళ్ళెంలో డాక్సోరుబిసిన్‌తో కూడా అలాంటిదే చూశారు. మా పిన్నికి ఎక్కిస్తున్నవి సరిగ్గా ఆ రెండే. ఇది కూడా ఎలుకే, నిజమే. దీనికి ఎదురు చెప్పే ఎలుకలు కూడా ఉన్నాయి, పసుపు కీమోకి సాయం చేస్తుందనేవి. వాటినీ తీశా. ఇంకా, పసుపు సారం బిళ్ళలు వేసుకున్న కొందరికి కాలేయం దెబ్బతిన్న కేసులు 2022లో అమెరికా వాళ్ళు రాశారు, అందులోనూ మిరియాల సారం కలిపినవి ఉన్నాయి. అన్నీ కలిపి రెండు పేజీలు చేసి, డాక్టరు గారికి చూపించమని బాబాయికి పంపా.

ఆయన నిమిషంలో తేల్చేశారట. కీమో అయ్యేదాకా బిళ్ళలు ఆపండి, కూరల్లో మామూలుగా పసుపు వేసుకోండి. బాబాయి నాకు ఫోను చేసి, "ఇరవై వేల కాగితాలు చదివి తేల్చింది ఇదా?" అన్నాడు. అవును బాబాయ్, ఇదే అన్నా. పిన్ని ఆ బిళ్ళలు మళ్ళీ ముట్టుకోలేదు.

ఆ 2002 వ్యాసం ఇరవై వేలలో ఒకటి. లెక్కబెట్టి పైకి తెచ్చే ఏ పద్ధతిలోనూ అది మొదటి పేజీకి రాదు. పిన్ని చీటీ పక్కన పెట్టి వెతికినప్పుడే వచ్చింది. మా ఆఫీసులో నేను పట్టుబట్టి చెప్పేది కూడా ఇదే. పసుపు ఏం చేస్తుంది అని కాకుండా, ఈ మందులు వాడుతున్న ఈ మనిషికి పసుపు ఏం చేస్తుంది అని అడిగే వీలుండాలి. గాజు పళ్ళెం, ఎలుక, మనిషి మూడూ మూడు వేరే గడుల్లో కనపడాలి. మూడో గడి ఖాళీగా ఉంటే ఖాళీగానే చూపించాలి. దాన్ని ఎలుకలతో నింపకూడదు. ఖాళీ గడి చూపిస్తే సైటు బాలేదనుకుంటారని మా డిజైన్ వాళ్ళ బాధ!

పసుపుకి వ్యాసాలు ఎక్కువై ఇబ్బందైతే, ఉద్దానానికి సరిగ్గా ఎదురు ఇబ్బంది. శ్రీకాకుళం తీరాన కవిటి, సోంపేట, కంచిలి, పలాస, వజ్రపుకొత్తూరు, ఆ కొబ్బరి తోటలు, జీడి తోటల మధ్య, చక్కెర జబ్బు లేని, రక్తపోటు లేని రైతు కూలీలకి కిడ్నీలు పాడవుతున్నాయి. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. పబ్‌మెడ్‌లో ఉద్దానం అని కొడితే పేజీలు తిప్పే పని పెద్దగా ఉండదు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో వరి రైతులకి ఇలాంటి జబ్బే ఉంది, అక్కడివాళ్ళు సి.కె.డి.యు. అంటారు. ఎల్ సాల్వడార్‌లో 2002లో బయటపెట్టారు, నికరాగ్వాలో చెరుకు నరికే కూలీలకి కూడా ఉంది, అక్కడి పేరు మీసోఅమెరికన్ నెఫ్రోపతీ. అక్కడ ఎండలో ఒళ్ళు ఎండిపోవడం గురించి బాగా రాశారు. శ్రీలంకలో నీళ్ళ గురించి, పురుగుమందుల గురించి రాశారు. ఇవన్నీ ఒకే జబ్బా కాదా అన్నది డాక్టర్లు తేల్చాలి. కానీ తేల్చాలన్నా ముందు ఒకచోట పక్కపక్కన కనపడాలి కదా. ఇదీ తాంబ్రాపె, చేబ్రోలు గొడవే. స్వాన్సన్ ఉంటే ముందు ఇక్కడే కూర్చునేవాడని నాకనిపిస్తుంది.

ఇంకా పెద్ద చిక్కేంటంటే, ఉద్దానం గురించి తెలిసినదంతా వ్యాసాల్లోకి ఎక్కేది కాదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల రిజిస్టర్లు, డయాలిసిస్ కేంద్రాల లెక్కలు, బోరు నీళ్ళ పరీక్షల కాగితాలు... ప్రోగ్రాము రాసినదాన్ని కలపగలదు గానీ బీరువాలో ఉన్నదాన్ని కలపలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధనా కేంద్రం, ఆసుపత్రి తెరిచారు. రోగుల పేర్లు తీసేసి, ఈ కాగితాలన్నీ అందరూ వెతుక్కునేలా ఒకచోట పెట్టే పని అలాంటి చోట జరగాలి. భవనం కట్టినంత ఖర్చేం కాదు. కావల్సింది ఇద్దరు ముగ్గురు ఓపికున్న గుమస్తాలు, ఒక పదాల పట్టిక.

ఆ పట్టిక నేను ఆదివారాలు మొదలుపెట్టా. ఆ జబ్బుకీ దాని లక్షణాలకీ వ్యాసాల్లో వాడిన పేర్లు, స్పానిష్‌లో ఉన్నవి, శ్రీలంక వాళ్ళవి ఒక వరసలో పెడుతున్నా. ప్రస్తుతానికి పదిహేడున్నాయి. వాటిలో తెలుగు ఒక్కటీ లేదు. ఒళ్ళు పొంగడాన్ని, ఒంటేలు మంటని, నీరసాన్ని కవిటి వైపు ఇళ్ళల్లో ఏ మాటతో చెప్తారో అది కావాలి. రిజిస్టర్లో నర్సు రాసేది ఆ మాటే. ఆ వైపు వాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే రాసి పంపండి.